తిప్పేటాయప్పకు నేను నేర్పిన రాజులు

ఈ మనిషి గురించి ఇంతకాలం ఎందుకు రాయలేదని అడిగితే, నాకు అక్షరాలు రావు గదా అని చెప్పుకునేదాన్ని. కొంతకాలం వరకు ఆ మాట నిజమే. నలభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నా పేరు నేను చదవలేదు. బస్సు మీద ఏ ఊరని రాసిందో తెలియక, ఎవరినైనా అడగడానికి సిగ్గుపడి, నిండుగా ఉన్న బస్సు మంచిదని ఎక్కి, హిందూపురం పోవాల్సినదాన్ని ధర్మవరంలో దిగిన రోజులున్నాయి. తరువాత మా ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. చేతులకు శనగపిండి వాసన పోకుండానే పోయి కూర్చుని నేర్చుకున్నాను. అది జరిగి పదేళ్ళవుతోంది. ఇప్పుడు పేపరు చదువుతాను, మందుసీసా మీది తారీఖు చూసి మందుల షాపతనితో కొట్లాడతాను. కాబట్టి ఆ సాకు ఇంక చెల్లదు.

అసలు సంగతి వేరే. నా చదువు మొట్టమొదట పనికివచ్చింది ఆయనకు. మొట్టమొదట చెరుపు చేసిందీ ఆయనకే. అది రాయడానికి చేయి రాలేదు. మొన్న ఒకామె ఊరు చూడవచ్చి ఆయనను గురించి అడిగింది గనుక ఇప్పుడు కూర్చున్నాను.

మాది పెనుకొండ. ఒకప్పుడు రాజులు కాపురమున్న ఊరు. కొండ మీద కోట, కొండ కింద మహలు, ఎటు తిరిగినా కూలిన గోడ. మహలుకు పోయే దారిలో నా ఉగ్గాని బండి. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే అది ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే మా జిల్లాలో ఎవరూ ప్లేటు ముట్టరు. ఊరు చూడవచ్చిన వాళ్ళందరూ నా ముందు నుంచే పోవాలి. ఆయన కూడా రోజూ నా ముందు నుంచే పోయేవాడు, ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని.

ఆయన పేరు ఊళ్ళో ఎవరూ పలికేవారు కాదు. తిప్పేటాయప్ప అనేవారు, వచ్చినవాళ్ళను ఊరు తిప్పుతాడు గనుక. అంతకుముందు ధర్మవరంలో పట్టు మగ్గం నేశాడని కొందరు, రైలు పట్టాల మీద పనిచేశాడని కొందరు చెప్పేవారు. నేను అడగలేదు. అడిగితే రెండూ ఒప్పుకుని మూడోది కలిపేవాడు.

సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. చేతిలో గుడ్డ లేని గొడుగు. గుడ్డ ఎప్పుడో చినిగిపోయింది, కమ్మీలు మిగిలాయి. "వాన రాని ఊర్లో గుడ్డ ఎందుకమ్మా, కమ్మీలు చాలు" అనేవాడు. ఆ కమ్మీలతోనే గోడలూ బురుజులూ చూపించేవాడు. నడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూడడు. ఒకసారి కర్నూలు కుటుంబం ఒకటి ఫొటో దిగడానికి దారిలో ఆగిపోయింది. ఈయనకు తెలియదు. కొండ మొదలుదాకా ఒక్కడే చెప్పుకుంటూ పోయాడు. తరువాత తిరిగివచ్చి వాళ్ళనే కోప్పడ్డాడు.

"మంచి మాటలన్నీ అయిపాయ. మల్లా చెప్పేకి నాకేం పని లేదనుకున్యారా?"

అని, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

ఎవరు వచ్చినా ముందు మహలుకు తీసుకుపోడు. నా బండి దగ్గర నిలబెడతాడు. "కడుపు ఖాళీగా ఉంటే కండ్లకు రాళ్ళే కనపడతాయప్పా. తినండి ముందు." నా వ్యాపారం మీద ఎంత దయ అనుకునేదాన్ని. వాళ్ళు తింటున్నంతసేపూ నేను ఆయన చేతిలో పెట్టే రెండు బజ్జీల మీద ఆ దయ అని తరువాత అర్థమైంది.

తిన్నాక మహలు దగ్గర చెప్పులు విప్పించేవాడు. గుడి అనుకుని వాళ్ళు భక్తిగా విప్పేవారు. లోపల గచ్చు మీద నిలబెట్టి, "కండ్లు మూసుకోండప్పా. కాళ్ళతో చూడండి" అనేవాడు. "ఈడ సల్లగుండాది గదా, ఈడ రాణమ్మ కూర్చునేది. ఆడ కాలుతాండాది గదా, ఫిర్యాదు చెప్పేకి వచ్చినోళ్ళను ఆడ నిలబెట్టేది. కాళ్ళు కాలి బిన్నా చెప్పి పోతారని."

బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు, కాలేజీ చదువుతున్నవాడు, ఊరుకోలేదు.

"తాతా, ఇది ఎప్పటిది?"

"మా అవ్వ పుట్టకముందుది."

"అంటే ఎన్నేండ్లు?"

"మా అవ్వ నేను పుట్టకముందే చచ్చిపాయ. యాడ అడిగేది?"

రాజుల పేర్లు ఆయన నోట వినలేదు. పక్కింటివాళ్ళ గురించి చెప్పినట్టే చెప్పేవాడు. ఆ లావాయప్ప, ఆ నిద్రపట్టని ఆయప్ప, ఆ చెల్లెలి మాట వినేటాయప్ప. నిద్రపట్టని ఆయప్ప తెల్లవారుజామున గోడకు చెవి ఆనించి కొండ లోపలి గాలి వినేవాడంట. వచ్చినవాళ్ళచేత కూడా ఆనించేవాడు. పెద్ద పెద్ద ఉద్యోగాలవాళ్ళు గోడకు చెవి పెట్టి, నోరు తెరుచుకుని నిలబడి ఉంటే, దారిన పోయే మా ఊరివాళ్ళు ఆగి చూసేవారు. ఊరు చూడవచ్చినవాళ్ళను తిరిగి ఊరివాళ్ళకే చూపించడం ఆయన మాకు చేసిన ఉపకారం.

తరువాత బావులు. ఒక్కొక్కరి చేతిలో గులకరాయి పెట్టి బావిలో వేయమనేవాడు. నీళ్ళున్న బావి అయితే డుబుక్కుమంటుంది. వరసగా కరువులు పడిన ఆ ఏళ్ళలో ఏ బావిలో నీళ్ళు? అన్నీ టక్కుమనేవి. "పలకలేదప్పా. పోయిన వానకు పండుకున్యాది, ఇంగా లేయలేదు" అని తరువాతి బావికి నడిచేవాడు. ఒక ఏడు తుపాను పట్టి నాలుగు రోజులు వాన కురిసింది. ఆ వారంలో ఒక ఉదయం ఆయన వెంట వచ్చినవాళ్ళను బావి దగ్గరే వదిలేసి నా బండి దగ్గరికి పరుగెత్తుకుని వచ్చాడు.

"పలికిందమ్మా! డుబుక్కనింది! బిన్నా రా, విందువు."

"నూనె కాగుతాండాదన్నా. ఎట్ల వచ్చేది?"

"నూనె, నూనె! యాడాడోళ్ళో వచ్చి మీ ఊరు చూసి పోతాండారు. నువ్వు ఈడనే పుట్టి మూకుడు చూస్తాండావు."

నిజమే. నేను చూడలేదు. ఆయన తిప్పే తిప్పుడు గురించి నాకు తెలిసిందంతా తిరిగివచ్చినవాళ్ళు బండి దగ్గర చెప్పుకోగా విన్నదే. కోట గోడ వెనకవీధి సంగతి మాత్రం వాళ్ళ నోట కూడా సరిగా వినలేదు. తిప్పుడు అంతా అయ్యాక ఆఖరున ఆ వీధికి తీసుకుపోయేవాడు. అక్కడి ఇళ్ళన్నీ కోట రాళ్ళతో కట్టుకున్నవే. ఒకరి ఇంటి వెనక బట్టలు ఉతికే బండ మీద ఏనుగు ఉంది. ఒకరి గడప గుడి ద్వారబంధం. ఒకరి మురుగు కాలువ మీద అడ్డంగా వేసింది శాసనం రాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళను పిలిచి, నీళ్ళు అడిగి, వాళ్ళ రాయి ముందు నిలబడి ఏదో ఒకటి చెప్పేవాడు. ఏం చెప్పేవాడో గానీ, వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వుతూ తిరిగివచ్చేవారు. అడిగితే చెప్పలేకపోయేవారు. ఆయన్ను అడిగితే, "వీధి సంగతి ఆడ నిలబడి వినల్లమ్మా. ఈడికి తెస్తే చప్పగుంటాది" అనేవాడు.

తిప్పినందుకు ఎవరైనా ఏదైనా ఇస్తే తీసుకునేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. కానీ ఒకటి మాత్రం వదిలేవాడు కాదు. "నేను మా ఊరు చూపించినా గదా. మీ ఊర్లో బోర్డు మీద రాయని సంగతి ఒగటి చెప్పి పోండి." చెప్పేదాకా బస్సు ఎక్కనిచ్చేవాడు కాదు. అలా విన్నవన్నీ కలగలిపి మధ్యాహ్నం నాకు తెచ్చేవాడు. మద్రాసులో సముద్రం వెనక్కి పోతే పిలుచుకొచ్చేకి ఒక ఉద్యోగి ఉన్నాడంట. పూనాలో ఒక వీధిలో అందరూ అల్లుళ్ళేనంట, మామ ఒక్కడూ లేడంట. నేను గిన్నెలు తోముకుంటూ ఊఁ కొట్టేదాన్ని. ప్రపంచం గురించి నాకు మొదట తెలిసింది ఈ రకంగా. దాన్ని సరిచేసుకోవడానికి తరువాత చాలా చదవాల్సివచ్చింది.

నాకు అక్షరాలు వచ్చాయని తెలిసిన రోజు నుంచి ఆయన నన్ను టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. బండికి ఒక పక్కన నేనే సుద్దముక్కతో ఉగ్గాని, బజ్జీ అని రాసుకున్నాను. ఆయన చాలాసేపు చూసి, "బజ్జీ కంటే ఉగ్గాని పొడుగుండాదే! అది చవక గదా" అన్నాడు. ఆయనకు చదువు రాదు. వస్తే బాగుండునని ఎన్నడూ అనుకున్నట్టు లేదు.

ఆ తరువాతి ఏడు కోట వ్యవహారం చూసే ఆఫీసువాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. వచ్చినవాళ్ళకు మహలు చూపించాలంటే మెడలో బిళ్ళ ఉండాలి. బిళ్ళ కావాలంటే అనంతపురం ఆఫీసుకు పోయి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. చదువుకోవడానికి ఎనిమిది పేజీల పుస్తకం ఇచ్చారు. మూడు వారాలు గడువు. బిళ్ళ లేనివాళ్ళను వాచ్‌మన్ లోపలికి వదలడు.

ఆయన ఆ పుస్తకం తెచ్చి బజ్జీల పళ్ళెం పక్కన పెట్టాడు. నేను ఎన్నడూ చూడని ముఖంతో నిలబడ్డాడు.

"తిప్పేది లేకపోతే నేనేం చేయల్లమ్మా? ఇంట్లో కూర్చుని మా గోడలు నేనే చూసుకోవల్లనా?"

"నేనుండా గదా, నేర్పిస్తా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు కలిగినంత గర్వం నా పెళ్ళిలో కూడా కలగలేదు.

రోజూ బండి కట్టేశాక నీడకు కూర్చునేవాళ్ళం. నేను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివేదాన్ని. ఒక రాజు పేరు పూర్తయ్యేసరికి ఆయనకు కునుకు పట్టేది. పట్టకపోతే ఇంకా కష్టం.

"ఆయప్ప ఏం తినేటోడంట?"

"అది రాయలేదు."

"అత్తగారి ఊరు యాది?"

"రాయలేదన్నా."

"పోనీ, నవ్వేటోడా, గమ్మునుండేటోడా?"

"ఎన్నేండ్లు ఏలినాడో రాసినారు. అది చెప్పు."

"అన్నేండ్లు ఏలినోని గురించి ఇంతేనా? మా వీధిలో చచ్చిపోయిన మేకపోతు గురించి నేను ఇంతకంటే ఎక్కువ చెప్తా."

ఒక వారం గడిచినా మొదటి రాజు దాటలేదు. నాకు భయం పట్టుకుంది. ఆయన తప్పితే నా చదువు తప్పినట్టే అనిపించింది. మా సాయంత్రం బడిలో సారు గదిలో ఉన్న ఒక్కొక్క వస్తువును చూపించి ఒక్కొక్క అక్షరం నేర్పాడు. అదే గుర్తొచ్చింది. మరుసటి రోజు ఆయన్ను వెనకవీధికి తీసుకుపోయాను. ఆ వీధిలో ఆయనతో నేను నడిచింది ఆ రెండు వారాలే. ఒక్కొక్క ఇంటి ముందు ఒక్కొక్క రాజును నిలబెట్టాం. సుంకమ్మ ఇంటి వెనక, ఏనుగు బండ దగ్గర మొదటి రాజు. పక్కన మాబున్ని గడప దగ్గర రెండో ఆయన. కాలువ మీది రాయి దగ్గర మూడో ఆయన, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎవరిని గెలిచాడు, ఏం కట్టించాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటింటికీ పోయి అప్పజెప్పించేదాన్ని.

ఆడవాళ్ళకు ఇదొక తమాషా అయింది. మూడో రోజుకే మాబున్ని నన్ను నిలదీసింది.

"ఏమక్కా, సుంకమ్మకేమో అందరినీ గెలిచినోడు, మా గడప ముందర యుద్ధంలో ఓడిపోయినోడా?"

"పుస్తకంలో అట్లనే ఉండాది మాబున్నీ."

"ఉంటే ఉండనీ. వాన్ని ఆ మూలింటికి పంపు. ఆళ్ళకు నాకు మాటల్లేవు."

పంపలేదు. వరస తప్పుతుందని నేను పట్టుపట్టాను. మూడు వారాలు పూర్తయ్యేసరికి ఆయన కళ్ళు మూసుకుని వీధి ఒక చివర నుంచి ఇంకో చివరకు రాజులందరినీ తడుముకోకుండా చెప్పేస్తున్నాడు. మధ్యలో ఎప్పుడైనా తనదైన మాట ఒకటి దూర్చబోతే, "రాసింది చెప్పు. ఆ పిచ్చి మాటలు ఆడ చెప్పాకు, నవ్వుతారు" అనేదాన్ని. "సరే టీచరమ్మా" అనేవాడు.

అనంతపురం నేనూ పోయాను. ఆఫీసు గది తలుపు తెరిచే ఉంది. నేను వసారాలో బల్ల మీద కూర్చుంటే ఆయన కనబడుతున్నాడు, మాట వినబడుతోంది. ఉతికిన పంచె, చేతిలో గొడుగు. లోపల ఆఫీసరు చిన్నవాడు, మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఈయన సుంకమ్మ ఇంటి దగ్గర మొదలుపెట్టి, వీధి మలుపు దాటి, ఆఖరి ఇంటిదాకా ఒక్క రాజునూ వదలకుండా చెప్పాడు. నేను కూడా పెదవులు కదుపుతూనే ఉన్నాను.

ఆఫీసరు కాగితం పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"బాగా చెప్పారు పెద్దాయనా. ఇవి పుస్తకంలో ఉన్నవే. మా ఆఫీసులో ఒకాయన మీ ఊరు వచ్చి మీతో తిరిగారంట. మీరు ఇంకేవేవో చూపిస్తారని, అసలు చూడాల్సింది అదేనని చెప్పారు. అవేంటి? నాకు వినాలని ఉంది."

ఆయన చేతిలో గొడుగు పైకి లేచింది. చూపించడం మొదలుపెట్టే ముందు ఎప్పుడూ అలాగే లేస్తుంది. నోరు తెరిచి, ఎందుకో ఒక్కసారి తలుపు వైపు, నా వైపు చూశాడు. జీవితంలో వెనక్కి తిరిగి చూడని మనిషి, ఆ రోజు చూశాడు.

నేను తల అడ్డంగా ఊపాను. చేత్తో కూడా వద్దన్నాను.

గొడుగు కిందికి దిగింది.

"ఏం లేదు సార్. ఇంతే."

బిళ్ళ ఇచ్చారు. తిరుగు బస్సులో దారి పొడుగునా నేనే మాట్లాడాను. రేపటి నుంచి చూడు, నిన్ను ఆపేవాడెవడు అన్నాను. ఆయన బిళ్ళ వెనకా ముందూ తిప్పి చూసుకుని, జేబులో పెట్టుకుని, కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ కూర్చున్నాడు. ఎండిన చేలే. చూడ్డానికి ఏమీ లేదు.

తరువాత నెల రోజుల్లో ఏం జరిగిందో నాకు బండి దగ్గరే తెలిసింది. మూడు గంటలు తిరిగివచ్చేవాళ్ళు అరగంటలో వచ్చేస్తున్నారు. నవ్వుతూ వచ్చేవాళ్ళు టైము చూసుకుంటూ వస్తున్నారు. మాబున్ని ఒకరోజు బజ్జీలకు వచ్చి, "ఏమక్కా, మీ ఆయప్పకు ఏమైంది? మా ఇంటి ముందర నిలబడి లెక్కల సారు మాదిరి ఏండ్లు చెప్తాండాడు. మొన్న వచ్చినోళ్ళు మా గడప పక్క కూడా చూడకుండా పోయిరి" అంది.

ఆయన్ను అడిగాను. ఆ రోజు ఆయన బజ్జీ తినలేదు, చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఆ బండ ముందర నిలబడితే నాకు ఏనుగు కనపడాల గదమ్మా. కనపడలేదు. నువ్వు నిలబెట్టిన రాజే కనపడతాండాడు. పక్కకు పోప్పా అంటే పోడు. ఎన్నేండ్లు ఏలినాడో చెప్పేదాకా కదలడు."

"రాజులను ఇడిసిపెట్టి ముందట్లనే చెప్పు."

"ముందు ఏం చెప్తాంటినో అదే గుర్తు రాదు. నువ్వు బాగా నేర్పినావు టీచరమ్మా. రవ్వంత మరచిపోయేది కూడా నేర్పు."

నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏదైనా నవ్వుతూనే అంటాడు. నేను నవ్వలేకపోయాను. బిళ్ళ మెడలో వేసుకుని మధ్యాహ్నాలు నా బండి పక్కన కూర్చోవడం అప్పుడే మొదలుపెట్టాడు. పొరుగూళ్ళ వింతలు చెప్పడం మానేశాడు. వచ్చినవాళ్ళను అడగడమే మానేశాడని కొన్నాళ్ళకు గమనించాను.

ఒక్క రోజు మాత్రం నాకు ఆశ పుట్టింది. పుట్టపర్తికి వచ్చిన విదేశీ ముసలామె ఒకామె టాక్సీలో దిగింది. తెల్లచీర కట్టుకుంది, తెలుగు ముక్క రాదు. టాక్సీవాడు సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయాడు. ఈయన మొదటి రాజును మొదలుపెట్టాడు. ఆమె చిరునవ్వుతో వింటూ, చెప్పులు నొక్కుతున్నాయో ఏమో, విప్పి చేత్తో పట్టుకుంది. ఉత్తకాళ్ళతో నేల మీద అటూ ఇటూ అడుగులు వేసి చూసుకుంది. ఈయన మాట ఆగిపోయింది. ఆమె కాళ్ళ వంక చూశాడు. తన చెప్పులు కూడా విప్పి నా బండి కింద పెట్టాడు. ఇద్దరూ మహలు వైపు పోయారు.

మూడు గంటల తరువాత వచ్చారు. ఆమె చీర అంచంతా ఎర్రమట్టి. మిరపకాయ బజ్జీ కొరికి, కళ్ళలో నీళ్ళు కారుతుంటే ఇంకొకటి అడిగింది. టాక్సీ ఎక్కే ముందు ఈయన అడ్డం నిలబడి, వేలితో ఆమెను చూపించి, మీ ఊరు, మీ ఊరు అన్నాడు. ఆమె ఏం అర్థం చేసుకుందో, తన భాషలో చాలాసేపు చెప్పింది. ఈయన తల ఊపుతూ విన్నాడు.

"ఏం చెప్పిందన్నా?"

"తెలీదు. అయితే నిజమే చెప్పింది."

"రాజులు వచ్చినారా?"

"ఒక్కడూ రాలేదమ్మా. ఆమెకు మాట తెలీదు గదా, ఆళ్ళకే సిగ్గేసిండాది."

దారిలో పడ్డాడనుకున్నాను. మరునాడు ఒక పెళ్ళి బృందం వచ్చింది, అందరూ తెలుగువాళ్ళే. అరగంటలో తిరిగివచ్చారు. ఆయన వాళ్ళ వెనక వచ్చి, బండి పక్కన కూర్చుని, "మల్లా వచ్చినార్లేమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ వచ్చే ఎండాకాలం జ్వరంతో నాలుగు రోజులు పడుకుని పోయాడు. వీధి ఆడవాళ్ళందరూ వచ్చారు. గోడకు మేకు కొట్టి బిళ్ళ తగిలించి ఉంది, నేను దాని వంక చూడకుండా కూర్చుని వచ్చేశాను. ఆయన కోపంగా ఒక్క మాట అనివుంటే నా బరువు కొంత దిగివుండేది. అనలేదు.

ఇంక మొన్నటి సంగతి. తాడిపత్రి నుంచి ఒకామె పదేళ్ళ కూతురితో వచ్చింది. మా ఊళ్ళో వాళ్ళ పిన్నమ్మ ఇంట్లో రెండు రోజులు ఉంటుందంట. ఉగ్గాని తింటూ అడిగింది.

"ఈడ ఒగాయన ఊరు తిప్పేటోడు గదమ్మా, గోడకు చెవి పెట్టమనేటోడు. ఉండాడా?"

"లేడు. పోయినాడు."

ఆమె ప్లేటు బండి మీద పెట్టింది.

"నా పెండ్లి కాకముందు మా నాయన నన్ను పిలుచుకొని వచ్చినాడు. మా నాయన నవ్వే మనిషి కాదు. ఈడ ఒగ ఇంటెనక ఆయప్ప ఏదో చెప్తే కింద కూర్చుని నవ్వినాడు. బతుకులో అదొక్కసారే చూసింది. ఇప్పుడు మా నాయన లేడు. ఆడ ఏం చెప్పినాడో నాకు గుర్తు లేదు. నా కూతురికి వినిపిద్దామని వచ్చినా."

ఈసారి నూనె అడ్డం చెప్పలేదు. మూకుడు దించి, వాళ్ళను నేనే తీసుకుపోయాను. వెనకవీధికి, సుంకమ్మ ఇంటి వెనకకు. ఇదే అని ఆమె గుర్తుపట్టింది. బండ ముందు నిలబడ్డాం. తల్లీ కూతుళ్ళు నా ముఖం చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎవరిని గెలిచాడు, ఏం కట్టించాడు, అంతా తడుముకోకుండా వచ్చింది. నాకు తెలిసింది అదే. ఆ పిల్ల మర్యాదగానే విన్నది. అయ్యాక, "ఇది బోర్డు మీద చదివినాం అవ్వా" అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక నేను బండి దగ్గరికి పోలేదు, ఇంటికి పోయాను. ఆయన మరచిపోయాడు. నేను అసలు వినలేదు. పుస్తకంలో లేదు. అయితే ఆ మాట ఎవరి దగ్గర ఉంటుంది? ఆయన చెప్పిన ప్రతిసారీ నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడి విన్నది ఎవరు? ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు ఇన్నేళ్ళు, ఒక సాయంత్రం పట్టింది.

మరుసటి రోజు పొద్దున పొయ్యి వెలిగించలేదు. నోటు పుస్తకం, పెన్సిలు తీసుకుని సుంకమ్మ ఇంటికి పోయాను. ఆమె బట్టలు నానబెడుతోంది.

"సుంకమ్మా, ఆయప్ప ఈడ నిలబడి ఏమనేటోడు?"

"రాజుగారి పేరు చెప్పేటోడు గదక్కా. నువ్వే గదా నిలబెట్టింది."

"రాజు రాకముందు."

సుంకమ్మ నురగ చేతులతోనే ఆలోచించింది. తరువాత బండ మీది బట్టలు పక్కకు నెట్టి, రెండు చెంబుల నీళ్ళు పోసింది. తడికి ఏనుగు నల్లగా పైకి తేలింది. దానికి ఒక కన్నే ఉందని నేను మొదటిసారి చూశాను.

"మా అత్త బతికుండె అప్పుడు" అంటూనే ఆమెకు నవ్వు మొదలైంది. "ఈడనే కూర్చుని ఉతుకుతాంటే, ఆయప్ప అందరినీ పిలుచుకొచ్చి, 'చూడండప్పా, ఈ ఏనుగు ఎన్ని యుద్ధాలకు పోయిందో. ఒగ బాణం తగల్లేదు, ఒగ కత్తి తగల్లేదు. ఈ ముసలామె మొగుని పంచె తగిలి కన్ను పోయింది' అనేటోడు. మా అత్త చేతిలో చెంబు ఎత్తి ఇసిరేది. ఆయప్ప తప్పుకునేటోడు కాదు. 'బయపడాకండి, ఈ ఊర్లో ఫిరంగులు ఇంగా పేలుతాండాయి' అనేటోడు. వచ్చినోళ్ళు కింద పడి నవ్వేటోళ్ళు. మా అత్త కూడా నవ్వేది, కొంగు అడ్డం పెట్టుకుని."

నేను బండ అంచు మీద కూర్చుని అంతా రాసుకున్నాను. రాయడం నాకు ఇప్పటికీ ఆలస్యమే. సుంకమ్మ మధ్యలో నవ్వు ఆపుకుంటూ, నేను ఎంతదాకా వచ్చానో వంగి చూస్తూ నిలబడింది. గోడ అవతల నుంచి మాబున్ని, "ఏమైంది, ఏందా నవ్వు?" అని అరుస్తోంది. తాడిపత్రి తల్లీ కూతుళ్ళు ఆ సాయంత్రం దాకా ఊళ్ళోనే ఉంటారు.

"సుంకమ్మా, చెంబు ఇత్తడిదా, సత్తుదా?" అని అడిగాను.